రేగా ప్లానార్ 3కి లక్ష రూపాయల ఆర్మ్: పెట్టించాలా, వద్దా?

కూకట్‌పల్లి_ఎల్పీ
అందరికీ నమస్కారం. నా దగ్గర రేగా ప్లానార్ 3 రికార్డ్ ప్లేయర్ ఉంది. ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) దానితో వచ్చిన ఆర్‌బీ330, కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే డబ్బీ) ఆర్టోఫాన్ 2ఎం బ్లూ. ఎక్కువగా వినేవి నాన్నగారు కొన్న పాత హెచ్ఎంవీ తెలుగు ఎల్పీలు, ఓ నలభై ఉంటాయి. ఇబ్బందల్లా సైడు చివరి పాటతోనే. గొంతు చిట్లినట్టు వస్తుంది, 'స', 'ష' పలికిన చోటల్లా బుస. డీలర్‌ని అడిగితే ఆర్‌బీ880 ఆర్మ్ పెట్టించుకోమన్నాడు. బిగింపుతో కలిపి లక్షా పది వేలట. ఇంచుమించు నేను ప్లేయర్ కొన్నంత. పెట్టించొచ్చా?

వైజాగ్_వాల్యూమ్
పెట్టించెయ్యండన్నా. పోయేటప్పుడు కట్టుకుపోతామా.

ముల్లు_మాస్టారు
ఆర్మ్ జోలికి వెళ్ళకండి. 33⅓ స్పీడులో తిరిగే ఎల్పీ మీద, మొదటి పాట దగ్గర గాడి ముల్లు కింద నుంచి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. పైన దర్జాగా కూర్చున్న 'స' అక్కడ సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. మొన కాస్త లావుగా ఉన్న ముల్లు ఆ మెలికల్లోకి దిగదు. 330కి, 880కి పొడవు ఒకటే, కోణం ఒకటే. ఆర్మ్ మార్చినా లోపలి గాడిలో ముల్లు నిలబడే తీరు మారదు. మారనిదానికి లక్షా పది వేలు ఎందుకండీ?

సోర్స్_ఫస్ట్
మాస్టారు జామెట్రీ ఒక్కటే చెప్పి ఊరుకున్నారు. బేరింగుల సంగతో? ముల్లు మైక్రాన్ల లెక్కలో కదులుతుంటే దాన్ని పట్టుకున్న చెయ్యి వణక్కూడదు. 880లో బేరింగులు ఇంకా బిగువుగా ఉంటాయి. లిన్ కంపెనీ పెట్టిన ఐవర్ టీఫెన్‌బ్రన్ డెబ్బైల నుంచీ చెబుతున్నది అదే: ముల్లు గాడిలోంచి బయటికి తీసుకురానిదాన్ని ఆంప్లిఫయర్ పుట్టించలేదు. నేను మూడేళ్ళ కింద ఆర్మ్ మార్చాను. ఆ రాత్రి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఏం చేశారు?" అనడిగింది. ఇంకేం రుజువు కావాలి? పైగా 880 పెట్టిస్తే రేపు డెనాన్ డీఎల్-103 లాంటి కార్ట్రిడ్జ్‌కి దారి తెరుచుకుంటుంది.

డాలస్_బాబాయ్
మా ఆవిడ కూడా "ఏం చేశారు?" అనే అడిగింది. క్రెడిట్ కార్డు బిల్లు చూసి.

ముల్లు_మాస్టారు
డీఎల్-103ని రేగా ఆర్మ్‌కా! అది జపాన్‌లో రేడియో ప్రసారాల కోసం చేసిన గట్టి సస్పెన్షన్ కార్ట్రిడ్జ్, దానికి బరువైన ఆర్మ్ కావాలి. లెక్క చూడండి. ఆర్మ్ ప్రభావ బరువు 11 గ్రాములు, కార్ట్రిడ్జ్ 8.5, మరలతో కలిపి 20. కంప్లయన్స్, అంటే ముల్లు సస్పెన్షన్ ఎంత మెత్తనో చెప్పే అంకె, 5. గుణిస్తే 100, దాని వర్గమూలం 10. ఫార్ములాలోని 159ని 10తో భాగిస్తే రెజొనెన్స్, అంటే ఆర్మూ కార్ట్రిడ్జూ కలిసి తమంతట తాము ఊగే వేగం, దాదాపు 16 హెర్ట్జ్. ఉండాల్సింది 8కి 12కి మధ్య. అన్నట్టు 330 కూడా 11 గ్రాముల ఆర్మే, 880 కొత్తగా తెరిచే దారేమీ లేదు.

సోర్స్_ఫస్ట్
ఆ 5 అనేది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచిన అంకె. జపాన్ వాళ్ళు అలాగే కొలుస్తారు. 10 హెర్ట్జ్ దగ్గర అది ఇంచుమించు రెట్టింపు. 10 వేసి చూడండి, 11 హెర్ట్జ్ వస్తుంది. లెక్కలు చెప్పేటప్పుడు కొలత ఎక్కడిదో కూడా చెప్పాలి.

ముల్లు_మాస్టారు
ఇంచుమించు రెట్టింపు అని ఎవరన్నారు? ఒకటిన్నర రెట్లనే వాళ్ళూ ఉన్నారు. ఒకటిన్నర వేస్తే 13 వస్తుంది. 13 కూడా 12 దాటినట్టే.

సోర్స్_ఫస్ట్
13కీ 16కీ తేడా లేదా మరి?

ముల్లు_మాస్టారు
12కీ 13కీ కూడా ఉంది.

డాలస్_బాబాయ్
అయ్యా, ఆయన దగ్గర డెనాన్ లేదు. కొంటానని కూడా అనలేదు. నాదొక చిన్న ప్రశ్న. 2ఎం కార్ట్రిడ్జ్‌లు ఎత్తు ఎక్కువ. రేగాకి బిగిస్తే ఆర్మ్ వెనక భాగం కిందికి వాలుతుంది. అందుకని ఆర్మ్ కింద 2 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తారు. వేయించారా?

కూకట్‌పల్లి_ఎల్పీ
స్పేసరా? అదేంటి సర్?

ముల్లు_మాస్టారు
అదీ సంగతి. కొన్ని వందల రూపాయల రేకుముక్క వెయ్యకుండా లక్షా పది వేల ఆర్మ్ అమ్ముతున్నాడు. 1983లో ఆర్‌బీ300 వచ్చినప్పుడు వేరే కంపెనీలు కూడా తమ టర్న్‌టేబుళ్ళకి రేగా ఆర్మే బిగించుకునేవి. మీ 330 ఆ వంశంలోదే. దాన్ని సరిగ్గా బిగించలేదు, అంతే.

సోర్స్_ఫస్ట్
స్పేసర్ వేస్తే బుస పోతుందని రాసిస్తారా? రేగా వాళ్ళే ఎత్తు సర్దుబాటుని అంతగా పట్టించుకోరు. ఏమీ అనుకోకండి మాస్టారూ, మీకు 68 ఏళ్ళని మీరే ఒకసారి రాశారు. ఆ వయసు చెవికి బేరింగుల తేడా తెలియదు. తెలియనిది లేదనడం న్యాయం కాదు.

వైజాగ్_వాల్యూమ్
అబ్బో.

ముల్లు_మాస్టారు
నా చెవి 9 కిలోహెర్ట్జ్ దాటి వినదు, ఒప్పుకుంటాను. 2011లో వినేది. అప్పుడు ఇలాంటి చోటే, మీలాంటి ఒకాయనే, నా ప్లేయర్‌కి ఎస్ఎంఈ 3009 ఆర్మ్ పడితే కొత్త లోకం కనిపిస్తుందన్నాడు. డబ్బు చాలక మూడు వందల చిల్లర ప్లేట్లు కిలోల లెక్కన అమ్మేశాను. సురభి వాళ్ళ నాటక పద్యాలు, మా నాన్న సంతకాలున్న 78లు. ఆర్మ్ మంచిదే, ఇవాళ్టికీ బంగారంలా ఉంది. దాని మీద పెట్టుకోడానికి నాకు పదకొండు ఎల్పీలు మిగిలాయి. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగినా అమ్మినవాటిలో ఒక్కటీ మళ్ళీ దొరకలేదు.

సోర్స్_ఫస్ట్
అది బాధే, కాదనను. కానీ ప్లేట్లు అమ్మింది మీరు, ఆర్మ్ కాదు. కూకట్‌పల్లి గారు ఏమీ అమ్మట్లేదు, జీతం డబ్బుతో కొనుక్కుంటున్నారు. 'కొనొద్దు' అని మీరు చెబుతున్నది ఆయనకా, 2011లో మీకా?

ముల్లు_మాస్టారు
ఇద్దరికీ. ఆ డబ్బుతో ఆయన ఎన్ని ప్లేట్లు కొనుక్కోవచ్చో లెక్కేశారా? మీరు మిషను వింటారు, నేను పాట వింటాను. మీ పోస్టులు నాలుగేళ్ళుగా చదువుతున్నాను, ఒక్కదాంట్లోనైనా ఏం పాట విన్నారో రాశారా?

సోర్స్_ఫస్ట్
మిషను వినడం తప్పా? గడియారాలు కొనేవాళ్ళని టైము చూస్తున్నావా అని ఎవరూ అడగరు. నాకు ఆ ఆర్మ్‌ని చూసినా సంతోషమే. అది ఒప్పుకోడానికి నాకు సిగ్గు లేదు. సమాధానం చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు.

డాలస్_బాబాయ్
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే హెర్ట్జ్‌లు మిగిలేవి.

కూకట్‌పల్లి గారూ, ఒక పని చెయ్యండి. కొత్తగా కొన్న ఎల్పీ ఏదైనా ఉంటే చివరి పాట పెట్టి చూడండి.

కూకట్‌పల్లి_ఎల్పీ
ఇప్పుడే చూశాను సర్. పోయిన సంక్రాంతికి కొన్న కొత్త ప్రెస్సింగ్. చివరి పాటలో బుస చాలా తక్కువ, చెవి పెట్టి వింటే తప్ప తెలియదు. నాన్నగారి ఎల్పీల్లోనే ఎక్కువ. ఆయనకి సూట్‌కేసులా మూతేసే ప్లేయర్ ఉండేది, దాని ఆర్మ్ మీద ఐదు పైసల బిళ్ళ అంటించి వాడేవారు.

ముల్లు_మాస్టారు
బిళ్ళా! అయ్యో. ఆ ప్లేయర్ల సిరామిక్ కార్ట్రిడ్జ్ ముల్లే బరువు మోపుతుంది, దానికి బిళ్ళ తోడు. గాడి గోడలు అరిగిపోయాయండీ. ఇప్పుడు ఏ ఆర్మ్ పెట్టినా పోయింది రాదు. ఒక్క ఆశ ఉంది. మీ బ్లూ ముల్లు ఎలిప్టికల్, అంటే కోలమొన. ఫైన్ లైన్ అనే సన్నటి మొన ఉన్న 2ఎం బ్రాంజ్ అయితే గోడని వేరే ఎత్తులో తాకుతుంది, అరగని చోటు దొరికితే దొరకొచ్చు. ముల్లు ఒక్కటే కొనకండి, బ్రాంజ్ ముల్లు బ్లూ బాడీకి పట్టదు. మొత్తం కార్ట్రిడ్జ్ కొనాలి.

సోర్స్_ఫస్ట్
బ్రాంజ్ సలహా సరైనదే. ఫైన్ లైన్ మొనకి అమరిక ఇంకా కచ్చితంగా ఉండాలి, దానికి మంచి ఆర్మ్ ఉంటే ఇంకా మంచిది. ఇంతకంటే పొడిగించను.

కూకట్‌పల్లి_ఎల్పీ
అందరికీ థ్యాంక్స్. ఒక మాట దాచాను, తిట్టకండి. ఈ పోస్టు పెట్టడానికి ముందు రోజే డీలర్‌కి ఇరవై వేలు అడ్వాన్స్ ఇచ్చాను.

వైజాగ్_వాల్యూమ్
😂😂

ముల్లు_మాస్టారు
ఇచ్చేసి అడిగారా! రెండు రోజులుగా బీపీ మాత్ర వేసుకుని మరీ రాస్తున్నాను.

కూకట్‌పల్లి_ఎల్పీ
ఎవరైనా మంచి పని చేశావంటారేమోనని అడిగాను సర్.

సోర్స్_ఫస్ట్
నేను అన్నాను కదా.

ముల్లు_మాస్టారు
అడ్వాన్స్ తిరిగిస్తాడా?

కూకట్‌పల్లి_ఎల్పీ
ఇవ్వడట. వేరే వస్తువు కావాలంటే అందులో సర్దుకుంటానన్నాడు.

ముల్లు_మాస్టారు
అయితే బ్రాంజ్ తెప్పించండి. స్పేసర్ ఊరికే ఇమ్మనండి. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ పెట్టకుండా బిగిస్తే ఒప్పుకోకండి. ఆ బిళ్ళ పెట్టిన ఎల్పీలు ఏవేవో ఒక జాబితా రాసి పెట్టండి, మా పదకొండులో ఏవైనా కలుస్తాయేమో చూస్తాను. నా ప్లేట్ల మీద ఎవరూ బిళ్ళ పెట్టలేదు.

వైజాగ్_వాల్యూమ్
అన్నా, పాత బ్లూ అమ్ముతారా?