డేటాషీట్‌లో టేబుల్ ఒకటి, గ్రాఫ్ ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి?

రాగితీగ:
ఒక మోస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, మొదటి పేజీ టేబుల్‌లో పవర్ డిసిపేషన్ (వేడిగా వదలగల గరిష్ఠ పవర్) 75 వాట్లు, డీరేటింగ్ (25 డిగ్రీలు దాటాక అందులో తగ్గించాల్సింది) డిగ్రీకి 0.6 వాట్లు అని ఉంది. థర్మల్ టేబుల్‌లో జంక్షన్ (లోపలి చిప్) నుంచి కేస్‌కు (బయటి తొడుగుకు) థర్మల్ రెసిస్టెన్స్ వాట్‌కు 2.5 డిగ్రీలు, జంక్షన్ గరిష్ఠం 150 డిగ్రీలు. పవర్ గ్రాఫేమో 25 డిగ్రీల దగ్గర 50 వాట్లతో మొదలవుతోంది. టేబుల్‌లోది గ్యారంటీ, గ్రాఫ్‌లోది టిపికల్ (మామూలుగా ఉండే విలువ) కదా, 75 తీసుకోవడమే సబబు అంటాను.

సున్నా_ఓమ్:
ఆ సూత్రం గెయిన్, లీకేజీ లాంటి కొలిచే అంకెలకు సరే. పవర్ డిసిపేషన్ మాత్రం కొలిచిన అంకె కాదండీ, లెక్కకట్టింది. 150లోంచి 25 తీసేసి 2.5తో భాగించండి, 50 వస్తుంది. ఆ 75 ఇదే సిరీస్‌లోని పెద్ద భాగం షీట్ నుంచి కాపీ అయి ఉంటుంది.

టెస్ట్‌బెంచ్:
తొందరపడకండి. 125 × 0.6 కూడా సరిగ్గా 75. అటు రెండు అంకెలు, ఇటు రెండు. 1.67 (125 ÷ 75) ఉండాల్సిన చోట 2.5 పడి ఉండొచ్చుగా?

సున్నా_ఓమ్:
75ను 125తో భాగిస్తేనే 0.6 వస్తుంది. తండ్రికి కొడుకు సాక్ష్యం చెబితే ఎలా? ఆ మాటకొస్తే నా గ్రాఫ్ కూడా 2.5కి కొడుకే కావచ్చు. ట్రాన్సియెంట్ థర్మల్ ఇంపిడెన్స్ గ్రాఫ్ (పవర్ ఇచ్చిన సమయం పెరిగేకొద్దీ వాట్‌కు ఎన్ని డిగ్రీలో చూపేది) కుడి చివర ఎక్కడ చదునవుతోందో చూడండి, అసలు అంకె అదే. అది 1కి నార్మలైజ్ చేసి ఉంటే (అసలు అంకెకు బదులు చివరి విలువను 1గా చూపితే) పనికిరాదు. అప్పుడు కంటిన్యువస్ కరెంట్ (ఆగకుండా పంపగల గరిష్ఠ కరెంట్) వర్గాన్ని వేడిలో ఉండే ఆన్ రెసిస్టెన్స్‌తో (ఆన్‌లో ఉన్నప్పటి నిరోధంతో) గుణించండి, వాట్లు వస్తాయి.

రాగితీగ:
నార్మలైజే చేశారు. కరెంట్ 50 ఆంప్స్, 25 డిగ్రీల దగ్గర 12 మిల్లీఓమ్‌లు, 150 దగ్గర 1.7 రెట్లు. 2500 × 0.0204 = 51 వాట్లు, అంటే 50కే దగ్గర.

మల్టీమీటర్_బాబాయ్:
ఇంత తర్కం దేనికి నాయనా? మోస్‌ఫెట్ లోపలే ఉండే బాడీ డయోడ్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్ట్‌లు తగ్గుతుంది. ముందు ఓవెన్‌లో పెట్టి దాన్ని క్యాలిబ్రేట్ చేసుకో. తర్వాత తెలిసిన వాట్లు ఇచ్చి, ఆపిన వెంటనే ఆ వోల్టేజ్ చదివితే జంక్షన్ ఎంత వేడెక్కిందో తెలిసిపోతుంది. కేస్‌కు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టడం మరవకు.

టెస్ట్‌బెంచ్:
బాబాయ్ గారూ, ఒక్క పీస్‌తో గరిష్ఠం తేలదు. కొలిస్తే 1.5 వచ్చిందనుకోండి, గరిష్ఠం 2.5 అన్న మాటకు అదేమీ అడ్డం కాదు. 3 వస్తేనే ఆ 2.5 తప్పని రుజువైనట్టు. కొలత ఒకవైపే తీర్పు చెబుతుంది.

మల్టీమీటర్_బాబాయ్:
పరిమితుల విషయంలో ఒప్పుకుంటా. పిన్‌అవుట్ (ఏ కాలు ఏదన్నది) దగ్గర మాత్రం మీటరే గెలుస్తుంది. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెడితే పీఎన్2222ఏ ట్రాన్సిస్టర్‌కు ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. పీ2ఎన్2222ఏ సరిగ్గా తిరగేసి ఉంటుంది. రెండింటికీ బేస్ మధ్యలోనే కాబట్టి తారుమారుగా పెట్టినా కొంచెం పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. గెయిన్ పడిపోతుంది, 12 వోల్ట్‌ల సర్క్యూట్‌లో అయితే బేస్-ఎమిటర్ జంక్షన్ బ్రేక్‌డౌన్ అవుతుంది. డయోడ్ రేంజ్‌లో ఎర్ర ప్రోబ్ బేస్‌కు పెట్టండి, కాస్త ఎక్కువ వోల్టేజ్ చూపే కాలు ఎమిటర్.

టెస్ట్‌బెంచ్:
అచ్చుతప్పుల్లో అన్నిటికన్నా దొంగది సింబల్ ఫాంట్. పీడీఎఫ్‌లో ఆ ఫాంట్ పోతే ఓమ్ గుర్తు వాట్‌గా, మైక్రో మిల్లీగా మారిపోతాయి. '18 మిల్లీవాట్ ఆన్ రెసిస్టెన్స్' అని ఉంటే నవ్వొచ్చి పట్టుకుంటాం. 10 మైక్రోఆంప్స్ కాస్తా 10 మిల్లీఆంప్స్ అయితే ఎవరికీ అనుమానం రాదు. షీట్‌లో ఒక్క ఓమ్ గుర్తు వాట్ అయి కనిపించినా, అందులోని ప్రతి మిల్లీనీ అనుమానించాల్సిందే.

రాగితీగ:
నా షీట్‌లో గుర్తులు బాగానే ఉన్నాయి. కాకపోతే ఆ 50 ఆంప్స్ కూడా 2.5 నుంచే లెక్కకట్టి ఉంటే, మళ్లీ కొడుకు సాక్ష్యమేగా?

సున్నా_ఓమ్:
అవును, అందుకే అది రుజువు కాదు, మొగ్గు మాత్రమే. రివిజన్ నంబర్‌తో సహా తయారీదారుకు రాసి అడగండి, పాత రివిజన్ దొరికితే పక్కన పెట్టి పోల్చండి. జవాబు వచ్చేదాకా హీట్‌సింక్ లెక్క 2.5తోనే వేయండి. 75 నమ్మి 60 వాట్లు ఇస్తే, కేస్ 25 దగ్గరే ఉన్నా జంక్షన్ 175కి పోతుంది.