నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ దిగట్లేదు: కీటో నాచుకి 13-0-45 ఎరువు వెయ్యాలా, వద్దా?

ఉప్పుతొట్టి:
నాది ఉప్పునీళ్ల అక్వేరియం, మొత్తం నీళ్లు 200 లీటర్లు. సంపులో (కింది వడపోత తొట్టిలో) రెఫ్యూజియం, అంటే నాచు పెంచే గది, 30 లీటర్లు. అందులో ఫుట్‌బాల్ అంత కీటోమార్ఫా (కీటో) నాచు ముద్ద, దానికి 15 సెంటీమీటర్ల పైన 50 వాట్ల గ్రో లైటు, సాయంత్రం 6 నుంచి పొద్దున 10 దాకా. సాలిఫర్ట్ కిట్‌లో నైట్రేట్ సున్నా. హన్నా అల్ట్రా లో ఫాస్ఫరస్ చెకర్‌లో 58. నెల రోజులుగా కీటో పెరగట్లేదు. పైన తెల్లబడుతోంది, లోపల గోధుమరంగు. మెయిన్ ట్యాంకు అద్దాలకు మాత్రం రెండు రోజులకోసారి పచ్చపొర కడుతోంది. నైట్రేట్ వెయ్యమని ఒకరు, వేస్తే ట్యాంకు పోయినట్టే అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? వెయ్యాల్సి వస్తే ఎరువుల షాపులో దొరికే 13-0-45 (నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం పాళ్లు) పనికొస్తుందా?

గాజుగోడ:
వద్దనే పార్టీ నాది. రెఫ్యూజియం పెట్టుకున్నదే నైట్రేట్ తీయడానికి. చెత్త ఎత్తడానికి మనిషిని పెట్టుకుని, పని లేక కూర్చున్నాడని మనమే చెత్త తెచ్చి పోస్తామా? కిట్‌లో సున్నా వచ్చిందంటే నైట్రేట్ పుట్టట్లేదని కాదు, పుట్టింది పుట్టినట్టు ఎవరో లాగేస్తున్నారని. ఆ అద్దం మీది పొర తింటున్నది అదే. నా సలహా: లైటు 16 గంటల నుంచి 10కి తగ్గించండి, చేపలకు మేత కొంచెం పెంచండి, ఫాస్ఫేట్‌కి జీఎఫ్‌వో (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఐరన్ గుళికలు) వాడండి. పొడులు పోసే పని పెట్టుకోవద్దు.

మోలారిటీ:
గాజుగోడ గారూ, లైటు సంగతి ఒప్పుకుంటా. మేత పెంచమనడం దగ్గరే తేడా.

ముందు లెక్క సరిచూద్దాం. ఆ చెకర్ చూపించేది ఫాస్ఫరస్, బిలియన్‌లో వంతుల్లో. 3.066తో గుణిస్తే ఫాస్ఫేట్. 58 అంటే 0.18 పీపీఎమ్ (లీటరుకి మిల్లీగ్రాములు). అంటే ఫాస్ఫేట్ నిండుగా ఉంది, నైట్రోజనే లేదు.

తేలే ప్లాంక్టన్‌కి చెప్పే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి (కార్బన్ 106, నైట్రోజన్ 16, ఫాస్ఫరస్ 1) కీటోకి వర్తించదు. సముద్రపు అడుగున పెరిగే నాచులకు అట్కిన్సన్, స్మిత్ 1983లో తేల్చిన మధ్యస్థం 550:30:1. పీపీఎమ్‌లోకి మారిస్తే ఒక వంతు ఫాస్ఫేట్ లాగడానికి దాదాపు 20 వంతుల నైట్రేట్ కావాలి. మేతలో ఆ పాళ్లు ఉండవు, ఫాస్ఫరస్ వాటా ఎక్కువ. పైగా రాళ్ల లోపల ఆక్సిజన్ అందని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. ఫాస్ఫేట్‌కి గాలిలోకి పోయే దారి లేదు. కాబట్టి మేత పెంచిన కొద్దీ ఫాస్ఫేట్ మిగిలిపోతుంది, కీటోకి ఆకలి తీరదు.

గాజుగోడ:
మీ లెక్కతోనే అడుగుతా. 0.18ని 0.03కి దించాలంటే పోవాల్సింది 0.15. ఇరవై రెట్లంటే మూడే మూడు పీపీఎమ్ నైట్రేట్. మరి నైట్రేట్ వేసేవాళ్లు నెలల తరబడి ఎందుకు వేస్తున్నారు? ఎక్కడో లెక్క తప్పాలి.

మోలారిటీ:
లెక్క తప్పలేదు, నిల్వ కనపడట్లేదు. మన రాళ్లు, ఇసుక కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ వాటి ఉపరితలానికి అంటుకుని ఉంటుంది. నీళ్లలో తగ్గిన కొద్దీ అక్కడి నుంచి వదులుతూ ఉంటుంది. అందుకే మొదటి వారాల్లో కీటో పెరుగుతున్నా చెకర్ అంకె కదలదు. చాలామంది అక్కడే విసుగొచ్చి మానేస్తారు.

జీఎఫ్‌వో ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ఇంకో ప్రమాదం. ఫాస్ఫేట్ కూడా సున్నాకి పడి, రెండూ లేని నీళ్లలో డైనోఫ్లాజెల్లేట్లు పట్టుకుంటాయి. ఆ గోధుమరంగు జిగురు కన్నా అద్దం మీది పచ్చపొర వెయ్యి రెట్లు నయం.

కీటోముద్ద:
అన్నా, ఇద్దరూ కెమిస్ట్రీ మాట్లాడుతున్నారు, ముద్ద సంగతి ఎవరూ చూడట్లేదు. ఫుట్‌బాల్ అంత ముద్దలో వెలుగు అందేది పైన ఓ నాలుగైదు సెంటీమీటర్లకే. లోపలి గోధుమరంగు ఆకలి కాదు, చీకటి. అక్కడ కుళ్లింది తిరిగి నీళ్లలోనే కలుస్తుంది. పై తెలుపు వేరే కథ: తిండి లేని నాచు మీద 50 వాట్లు 15 సెంటీమీటర్ల నుంచి కొడుతుంటే తట్టుకోలేదు.

బకెట్‌లో ట్యాంకు నీళ్లు పోసి ముద్దని అందులోకి తియ్యండి. మెల్లగా జాడిస్తే పాడ్స్ (నాచులో ఉండే చిన్న చిన్న జీవులు) కిందికి రాలతాయి, ఆ నీళ్లు వల గుడ్డ మీదుగా వంచి పాడ్స్‌ని తిరిగి సంపులో వదలండి. తర్వాత ముద్దని జడ విప్పినట్టు విప్పండి. ఒక పోగు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూడండి. బతికున్నది నైలాన్ దారంలా బిరుసుగా ఉండి తుంచితే టక్కున తెగుతుంది. పోయినది మెత్తగా జారి వేలికి అంటుకుంటుంది. అంటుకునేదంతా తీసి పారెయ్యండి, తెల్లబడిన పోగులు మళ్లీ పచ్చబడవు. మిగిలినదాంట్లో సగమే వెనక్కి వెయ్యండి, చేయి మందాన పలచగా పరచండి, వారానికోసారి తిరగెయ్యండి. లైటు 30 సెంటీమీటర్లకు లేపండి.

ఫ్లో కూడా. రెఫ్యూజియంలో నీళ్లు నెమ్మదిగా పారాలన్నది పాత మాట. పోగు చుట్టూ కదలని నీటి పొర ఎంత మందంగా ఉంటే తిండి అందడం అంత ఆలస్యం. చిన్న వేవ్‌మేకర్‌తో (నీళ్లు కదిలించే పంపుతో) ముద్ద మెల్లగా దొర్లేలా పెడితే ఆ పొర పలచబడుతుంది, వెలుగు అన్ని వైపులా పడుతుంది, మడ్డి పేరుకోదు.

ఉప్పుతొట్టి:
అర్థమైంది. ఇంతకీ 13-0-45?

మోలారిటీ:
అది పొటాషియం నైట్రేటే. కొలత ఇదిగో. 65 గ్రాములు ఆర్‌ఓ నీళ్లలో కరిగించి మొత్తం లీటరు చెయ్యండి. కరిగేటప్పుడు సీసా చల్లబడుతుంది, కంగారు పడక్కర్లేదు. 1 మిల్లీలీటర్‌లో సుమారు 40 మిల్లీగ్రాముల నైట్రేట్. మీ 200 లీటర్లకు 10 మిల్లీలీటర్లు పోస్తే 2 పీపీఎమ్ పెరుగుతుంది. ఎరువు సంచిలోదైతే శుద్ధి కొంచెం తక్కువ, ఆ మేరకు అంకె కూడా తగ్గుతుంది.

మొదటి రోజు 5 మిల్లీలీటర్లే. గంట తర్వాత ఒకసారి, మర్నాడు అదే వేళకు ఇంకోసారి కిట్ పెట్టండి. మర్నాటికి సున్నా అయితే కీటో తింటోందని అర్థం, 10కి పెంచండి. నైట్రేట్ 2 నుంచి 5 మధ్య నిలబడితే చాలు. 5 దాటి మూడు రోజులు దిగకపోతే ఆపెయ్యండి, అప్పుడు కొరత నైట్రోజన్‌ది కాదు. ఐరన్ కావచ్చు, వెలుగు కావచ్చు.

గాజుగోడ:
నెలంతా రోజూ 10 పోస్తే పొటాషియం ఎంత చేరుతుందో అదీ చెప్పండి మాస్టారూ.

మోలారిటీ:
రోజుకి 1.25 పీపీఎమ్, నెలకి 38. సముద్రపు నీళ్లలో ఉండేదే 400 దాకా. నీళ్లు మారుస్తూ ఉంటే ఇబ్బంది లేదు. మార్చనివాళ్లు సోడియం నైట్రేట్ వాడొచ్చు, లీటరుకి 55 గ్రాములతో అదే బలం వస్తుంది.

ఎరువులషాపు:
ఒక్క హెచ్చరిక. షాపులో కిలో ప్యాకెట్లన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, అది పడితే ఫాస్ఫేట్ ఆకాశానికి. 19-19-19లో ఫాస్ఫేట్‌తో పాటు యూరియా, అమ్మోనియా ఉంటాయి. కాల్షియం నైట్రేట్ 15.5-0-0 కూడా వద్దు, ఎరువు రకంలో కొంత అమ్మోనియం కలిసి ఉంటుంది. విడిగా పొట్లం కట్టి ఇచ్చేది అసలు తీసుకోకండి, సీలు ఉన్న ప్యాకెట్ మీద అంకెలు చదివే కొనండి. పగడాలు ఉంటే ల్యాబ్ గ్రేడ్ కొనుక్కోవడమే మేలు. ఎరువుల ప్యాకెట్‌లో సూక్ష్మ లోహాలు ఎంతున్నాయో లేబుల్ చెప్పదు. 65 గ్రాములకు ఎంత ఆదా అవుతుంది చెప్పండి?

బీచ్‌రోడ్డు:
ఇంత గొడవ ఎందుకు బ్రదర్, కీటో తీసేసి కాలెర్పా నాచు వెయ్యండి. వైజాగ్ రాళ్ల మీద ఫ్రీగా ఉంటుంది.

కీటోముద్ద:
కాలెర్పా తీగ మొత్తం ఒకే కణం. విత్తు దశకి వెళ్తే ఒంట్లో ఉన్నదంతా బీజకణాలుగా మారి నీళ్లలోకి పోతుంది, నీళ్లు పచ్చని మజ్జిగలా అవుతాయి, అన్నాళ్లూ దాచింది ఒక్క పూటలో ట్యాంకులోకే తిరిగొస్తుంది. ఆక్సిజన్ కూడా పడిపోతుంది. 24 గంటలు లైటు వేస్తే ఆగుతుందంటారు, ఆకలితో ఉన్నదాని విషయంలో ఆ నమ్మకం పెట్టుకోలేం. మీ ట్యాంకులో నైట్రేట్ సున్నా, సరిగ్గా అదే పరిస్థితి. కొసలు గాజులా పారదర్శకం అవుతుంటే అదే గుర్తు, కోయకుండా తీగ మొత్తం లాగెయ్యాలి.

ఇంకోటి: వైజాగ్ రాళ్ల మీద అలలు కొట్టే చోట కుంచెలా నిలబడి ఉండేది కీటోమార్ఫా యాంటెన్నినా. పేరు చూసి తెచ్చుకుంటారు. అది రాయికి అతుక్కుని అలల్లో బతికేది, సంపులో నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. ముద్దగా దొర్లేది వేరే జాతి. ఏ నాచైనా మిగిలింది కాలవలోనో సముద్రంలోనో పారెయ్యకండి, ఎండబెట్టి చెత్తలో వెయ్యండి. కాలెర్పా టాక్సిఫోలియా 2000లో కాలిఫోర్నియా మడుగుల్లో కనపడితే టార్పాలిన్లు కప్పి లోపల క్లోరిన్ పోసి చంపాల్సి వచ్చింది, పూర్తిగా పోయిందని ప్రకటించేసరికి 2006.

గాజుగోడ:
సరే, ముద్ద విప్పడం, లైటు లేపడం ముందు. రెండు వారాలు చూసి, అప్పటికీ నైట్రేట్ సున్నానే ఉంటే అప్పుడు పొయ్యమనండి. రెండూ ఒకేరోజు చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఇందులో మాత్రం నేను మాట మార్చను.

మోలారిటీ:
రెండు వారాలు ఎక్కువ, ఉన్న పచ్చ పోగులు కూడా తెల్లబడతాయి. వారం చాలు.

ఉప్పుతొట్టి:
వారం అనుకుందాం. లైటు 10 గంటలు, రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా. టైమర్ పిన్నులు నొక్కే రకం.

ఎరువులషాపు:
ఆ రకం కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రోజుకి గంట కోత ఉంటే పన్నెండు రోజులకల్లా మీ రాత్రి లైటు పగటి లైటు అయిపోతుంది, రాత్రి నాచు కార్బన్ డయాక్సైడ్ లాగి తెల్లవారుజామున పీహెచ్ పడిపోకుండా కాసే లాభం పోతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. ఇన్వర్టర్ మీద లైటు అక్కర్లేదు, సంపు నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు మాత్రం పెట్టండి.