వంట చూద్దాం రమ్మని పిలిచి పాత్రలు అమ్మవచ్చా?

కొబ్బరాకు (ఫ్రిస్కో, టెక్సస్):

"శనివారం సాయంత్రం ఓవెన్‌లో చేసే కొత్త వంటకాలు చూపిస్తారు, తప్పకుండా రండి" అని స్నేహితురాలి నుంచి సందేశం వచ్చింది. వెళ్లాం. వంట నిజంగా బాగుంది. స్టోన్‌వేర్ పళ్లెంలో కాల్చిన కూరగాయలు, పిజ్జా, చివర్లో ఆపిల్ కేకు. తినడం అయ్యాక అందరి చేతికీ ఒక కేటలాగు, ఒక ఆర్డరు ఫారం ఇచ్చారు. పిలిచినప్పుడు అమ్మకం ఊసే లేదు. కానీ ఇంటావిడ కడుపునిండా పెట్టాక వద్దని ఎలా అంటాం? మొహమాటానికి అందరం ఏదో ఒకటి రాసి ఇచ్చాం.

పాత్ర మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. ఇలా పిలవడం సబబేనా? మనవాళ్ల మధ్య ఈ పద్ధతి బాగా పెరుగుతోంది కాబట్టి అందరి అభిప్రాయమూ తెలుసుకోవాలని ఉంది.

పిండివంట (ఇర్వింగ్, టెక్సస్):

ఈ పని చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని, అందుకే మా వైపు మాట చెప్తాను. మీరు వెళ్లిన ప్రదర్శన నాది కాదు.

ముందు ఈ సరుకు సంగతి చూడండి. స్టోన్‌వేర్ అంటే తొలిచిన రాయి కాదు. బంకమట్టిని 1200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటుగా కాల్చి గట్టిపరిచిన పాత్ర. మెరుగు పూత లేని రకం దుకాణంలో చూస్తే పాలిపోయిన పెంకులా ఉంటుంది. పక్కనే నిగనిగలాడే నాన్‌స్టిక్ పెనం తక్కువ ధరకే దొరుకుతుంటే దీన్ని ఎవరు తీసుకుంటారు? ఇది నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ వేడిని అన్ని వైపులా సమంగా పంచుతుంది, పిండిలో పైకి తేలే తడిని కొంత పీల్చుకుంటుంది. అడుగు మాడకుండానే కరకరలాడేది అందుకే. ఈ సంగతి అట్టపెట్టె మీద రాస్తే ఎవరూ నమ్మరు. కళ్లెదుట కాల్చి, ముక్క చేతికిస్తే నమ్ముతారు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టిందీ కాదు. ఇళ్లలో వండి చూపించి వంటసామాను అమ్మే పాంపర్డ్ షెఫ్ సంస్థను 1980లో డోరిస్ క్రిస్టఫర్ అనే గృహవిజ్ఞాన బోధకురాలు ఇలినాయ్‌లో తన ఇంటి నేలమాళిగలో మొదలుపెట్టారు. జీవిత బీమా పాలసీ మీద తీసుకున్న 3000 డాలర్ల అప్పే ఆమె పెట్టుబడి. తెలిసినవాళ్ల వంటింట్లో నిలబడి, పనిముట్టు ఎలా వాడాలో చూపించి అమ్మారు. 2002లో ఆ సంస్థను వారెన్ బఫెట్‌కు చెందిన బెర్క్‌షైర్ హాథవే కొనుగోలు చేసింది. పిల్లలున్న ఇల్లాలు తన వేళలు తానే చూసుకుంటూ చేయగల పని ఇది. దీనిలో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించడం లేదు.

నల్లరేగడి (హైదరాబాద్):

పిండివంట గారూ, పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఒప్పుకుంటాను. అయితే కొబ్బరాకు గారు అడిగింది పని గురించి కాదు, పిలుపు గురించి. మీ జవాబులో దాని మాట రాలేదు.

ఆ సాయంత్రం ఎవరికి ఏమి దక్కుతుందో చూద్దాం. వండి చూపించిన ఆవిడకు కమిషన్. ఇల్లు ఇచ్చిన ఆవిడకు మొత్తం అమ్మకాన్ని బట్టి ఉచితంగానో సగం ధరకో సరుకు. అంటే మిమ్మల్ని పిలిచిన స్నేహితురాలికి మీ కొనుగోలులో వాటా ఉంది. ఆ మాట మీకు తెలియదు. అమ్మేవాళ్లు ఇద్దరున్నారు, మీకు కనిపించింది ఒక్కరే. నాకు అభ్యంతరం ఇక్కడే.

మన దేశంలో 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. అమ్మకందారు మాట మొదలుపెట్టేటప్పుడే, ఎవరూ అడగకముందే, తానెవరో, ఏ సంస్థ తరఫున వచ్చారో, ఏమి అమ్ముతున్నారో, ఎందుకు కలిశారో చెప్పాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. అమ్మకందారుగా చేరడానికి రుసుము వసూలు చేయకూడదు. టెక్సస్‌లో ఈ నిబంధనలు వర్తించవు, నిజమే. కానీ "ఎందుకు కలిశారో ముందే చెప్పాలి" అన్నది ఏ ఊళ్లోనైనా పాటించదగిన మర్యాదే.

ఇంకొక మాట. సాయంత్రం చివర "మీరూ అమ్మకందారుగా చేరతారా?" అన్న ప్రశ్న కూడా వస్తుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే పథకం 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం పరిధిలోకి వస్తుందని అభిప్రాయపడింది. అమెరికాలో అదే సంస్థను 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిరమిడ్ (కొత్తగా చేరేవాళ్ల డబ్బుతోనే నడిచే పథకం) కాదని తేల్చింది. సరుకు నిజంగా వాడకందారులకు చేరుతోందా, లేక మనుషులను చేర్చుకోవడం మీదే డబ్బు తిరుగుతోందా అన్నది అక్కడ ముఖ్యమైన పరీక్ష. ప్రతి పాత్రల కంపెనీనీ ఆ గాటన కట్టడం లేదు. చేరేముందు ఆ ప్రశ్న వేసుకోమంటున్నాను, అంతే.

తులసికోట (ఎడిసన్, న్యూజెర్సీ):

నాకు ఇంకో ఇబ్బంది ఎదురైంది, ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నాను. మేము శాకాహారులం. పూత లేని స్టోన్‌వేర్‌ను సబ్బుతో కడగకూడదంటారు, వేడినీళ్లతో గీకి తుడిచెయ్యాలి. నూనె, వాసన అందులోకి ఇంకుతాయి. ప్రదర్శనకు తెచ్చే పళ్లెం అంతకుముందు ఎన్ని ఇళ్లలో కోడిమాంసం కాల్చి వచ్చిందో తెలియదు. మా అత్తగారు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ ప్రశ్న అడగడానికి నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. అడిగితే "శుభ్రంగా కడిగామండీ" అన్నారు. అది జవాబు కాదు.

అమ్మవద్దని నేను అనడం లేదు. మన ఇళ్లకు వచ్చేటప్పుడు శాకాహారానికి వేరే పళ్లెం తేవాలి, ఆ సంగతి ముందుగానే చెప్పాలి.

మలక్‌పేట మజ్జిగ (హైదరాబాద్):

టప్పర్‌వేర్ 1996లో ఇండియాకు వచ్చినప్పటి నుంచి మన అపార్టుమెంట్లలో ఈ పద్ధతి ఎరుగుదుం. మా అమ్మ తరం ఆడవాళ్లకు ఆ మధ్యాహ్నాలు ఇల్లు దాటి నలుగురిని కలిసే అవకాశం. డబ్బా కొన్నది మొహమాటానికే కావచ్చు, పోనీ, పరిచయం మిగిలింది. ఆ కంపెనీ అమెరికాలో 1951లోనే దుకాణాల నుంచి సరుకు వెనక్కి తీసుకుని ఇళ్లలో అమ్మకానికి మారింది. 2024లో అక్కడి కోర్టులో దివాలా రక్షణ కోరింది కూడా. పద్ధతి బాగున్నంత మాత్రాన కంపెనీ నిలుస్తుందని లేదు.

స్టోన్‌వేర్ మన ఊళ్లో సాగుతుందా అన్నది నా అనుమానం. చాలా ఇళ్లలో ఓవెనే లేదు. ఉన్నా బల్ల మీద పెట్టే చిన్న కరెంటు ఓవెన్ (ఓటీజీ), అందులో ఆ పెద్ద పళ్లెం పట్టదు. పైగా మనవాళ్లు దాన్ని రాచిప్ప అనుకుని గ్యాసు మీద పెడతారు. రాచిప్పలో పులుసు కాస్తాం, అది తొలిచిన మెత్తరాయి కాబట్టి సన్నసెగకు తట్టుకుంటుంది. కాల్చిన మట్టిపాత్రకు అడుగున ఒక్కచోటే మంట తగిలితే పగులుతుంది. ప్రదర్శన ఇచ్చేవాళ్లు ఈ తేడా ఒక్కటి చెప్పినా ఎంతోమంది డబ్బు మిగులుతుంది.

పిండివంట:

తులసికోట గారూ, మీరన్నది పూర్తిగా న్యాయం. నా దగ్గర శాకాహారానికి విడిగా పళ్లెం ఉంది, దాని అడుగున గుర్తు కూడా వేసుకున్నాను. అందరూ అలా చేయాలి.

మజ్జిగ గారూ, పొయ్యి మీద పెట్టకూడదని నేను ప్రతి చోటా చెప్తాను. ఓవెన్‌లో పైనుంచి నేరుగా మంట వచ్చే బ్రాయిలర్ కింద కూడా పూత లేని రకాన్ని పెట్టకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పళ్లెం నేరుగా వేడి ఓవెన్‌లోకి పోకూడదు. ఓవెన్‌లోంచి తీసింది తడి గ్రానైటు మీద దించకూడదు. పళ్లెం ఖాళీగా వేడి చేయకుండా చాలావరకు పిండితోనో కూరతోనో నిండేలా చూడాలి.

నల్లరేగడి గారికి: వంటకం చేసే విధానం కూడా నేను ఉచితంగానే ఇస్తాను, కొన్నా కొనకపోయినా. దిబ్బరొట్టె ఉదాహరణ తీసుకోండి. మా అమ్మమ్మ ఇనప మూకుడులో పిండి పోసి, మూత మీద నిప్పులు వేసేది. కిందా పైనా సెగ, అచ్చం ఓవెనే. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. రెండు గ్లాసుల బియ్యపురవ్వ కడిగి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన పిండిలో కలపండి. ఉప్పు, జీలకర్ర వేసి గంటో రెండు గంటలో ఉంచండి, ఎక్కువ పులవనివ్వద్దు. స్టోన్‌వేర్ గిన్నెకు నూనె ధారాళంగా రాసి, రెండంగుళాల మందాన పోసి, 375 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ముక్కాలు గంట నుంచి గంట వరకు కాల్చండి. అంచులు ఎర్రబడి గిన్నెను వదిలేస్తాయి. ఆవకాయతోనో, బెల్లం పాకంతోనో తినండి. ఈ రొట్టె చూసే మా వైపు ఎంతోమంది ఆ గిన్నె కొన్నారు. దాన్ని మోసం అంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నల్లరేగడి:

మోసం అన్న మాట నేను వాడలేదండీ. దిబ్బరొట్టె వివరం చాలా బాగుంది, ఆదివారం చేసి చూస్తాను. మందపాటి ఇనప మూకుడులోనే చేస్తాను, అందులోనూ వస్తుంది. నేను చెప్పదలచింది కూడా అదే. కంపెనీ ఇచ్చే వంటల కార్డుల మీద వంటకం ఎప్పుడూ వాళ్ల గిన్నె పేరుతోనే మొదలవుతుంది, వేరే దానిలో కుదరదేమో అన్నట్టు. అందరిదీ అయిన వంటను ఒక పాత్రకు కట్టేయడం నాకు నచ్చదు.

ఇంకొకటి. ప్రదర్శనలో వాడేది ఏళ్ల తరబడి నూనె పట్టి నల్లబడిన పళ్లెం. దానికి ఏదీ అంటుకోదు. కొన్నవాళ్ల ఇంటికి వచ్చేది తెల్లటి కొత్తది. మొదటి కొన్ని సార్లు పిండి అంటుకుపోతుంది. వాళ్లేమో తమకు చేతకాలేదనుకుంటారు. దీనికి మీ జవాబు?

పిండివంట:

కొత్తదీ పాతదీ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మొదట్లో నూనె, వెన్న ఎక్కువ పడే వంటలే చేయమని, టమాటా పులుపు జోలికి పోవద్దని చెప్తాను. నల్లబడటం మురికి కాదు, అదే దాని పూత. తోమి తెల్లగా చేయవద్దని కూడా చెప్తాను. ఈ మాటలు చెప్పడానికే మనిషి కావాలి. దుకాణం అరలో ఇవి చెప్పే నాథుడు ఉండడు.

వంట ఎవరి సొత్తు అన్నదానికి: అమెరికా చట్టంలో దినుసుల పట్టికకు కాపీరైట్ లేదు, వివరించి రాసిన వాక్యాలకు మాత్రం ఉంటుంది. అయినా ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్ల పేరు నేను కార్డు మీద వేస్తాను.

రేవుగట్టు (శాన్ హోసే, కాలిఫోర్నియా):

చర్చ మధ్యలో ఒక్క హెచ్చరిక, మన ఆడపడుచులకు ఇది చాలా ముఖ్యం. హెచ్-4 వీసా (హెచ్-1బి వీసా మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉండి పని అనుమతి కార్డు లేనివాళ్లు కమిషన్ మీద ఇలాంటి అమ్మకాల్లో చేరకూడదు. జీతం కాదు కదా, ఇంటి దగ్గరే కదా అనుకోవద్దు. అది పనే. 2015లో వచ్చిన వెసులుబాటు హెచ్-4 వాళ్లందరికీ కాదు, భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్లకు మాత్రమే. అదీ కార్డు చేతికి వచ్చాకే. "మీరూ చేరండి" అని అడిగేవాళ్లు ఈ సంగతి ఎత్తరు, వాళ్లకు తెలియకపోవచ్చు కూడా. అనుమానం ఉంటే ముందు న్యాయవాదిని అడగండి.

మీ ఇంటికే అమ్మకందారు వచ్చి 25 డాలర్లు, ఆపైన సరుకు అమ్మితే, ఫెడరల్ నిబంధన కింద మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది. రద్దుకు వాడే ఆ కాగితం అడిగి తీసుకోండి.

కొబ్బరాకు:

అందరికీ కృతజ్ఞతలు. పిండివంట గారి మాటలు చదివాక పాత్ర గురించి నా అభిప్రాయం మారింది, పిలుపు గురించి మాత్రం మారలేదు. నాకు కోపం వచ్చింది స్టోన్‌వేర్ మీద కాదు. నన్ను అతిథిగా పిలిచి కొనుగోలుదారుగా కూర్చోబెట్టినందుకు. స్నేహితురాలు నేరుగా "నాకు ఒక గిన్నె ఉచితంగా వస్తుంది, వచ్చి సాయం చెయ్యవా" అని ఉంటే సంతోషంగా వెళ్లి కొని ఉండేదాన్ని.

పిండివంట గారూ, మీరు పంపే ఆహ్వానంలో ఏమి రాస్తారు?

పిండివంట:

"స్టోన్‌వేర్ వంట ప్రదర్శన, నచ్చితే కొనుక్కోవచ్చు, కొనాలన్న బలవంతం లేదు" అని రాస్తాను. ఎప్పుడూ అదే.

నల్లరేగడి:

మంచిది. ఇంటావిడకు దక్కే కానుక మాట కూడా అందులో చేర్చండి. అప్పుడు నా అభ్యంతరంలో సగం పోతుంది. చేర్చుకునే విషయంలో మిగతా సగం ఉంటుంది, దాన్ని వదులుకోను.

పిండివంట:

చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. ఇల్లు ఇచ్చేవాళ్లే జంకుతారు. ఆ మాట ఉంటే ఎవరూ రారేమో అంటారు.

కొబ్బరాకు:

అయితే మా ఇల్లు ఇస్తాను. కానుక సంగతి ఆహ్వానంలో మొదటి వాక్యంగా రాయండి, ఎంతమంది వస్తే అంతమందే. ఆ రోజు ఎవరినీ చేరమని మాత్రం అడగవద్దు. దిబ్బరొట్టె చేయండి, పిండి నేను రుబ్బి ఉంచుతాను. మా వరసలో సగం ఇళ్లు శాకాహారులే, గుర్తు వేసిన ఆ పళ్లెం తప్పకుండా తీసుకురండి.