సమయం ఆరో వంతు తగ్గితే వేగం ఎంత శాతం పెరిగినట్లు?

ప్రశ్న: అనంతపురం అభ్యర్థి

పెద్దలకు నమస్కారం. నేను అనంతపురంలో గది అద్దెకు తీసుకొని బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. నిన్నటి నమూనా పరీక్షలో ఒక లెక్క వచ్చింది. కర్నూలు నుంచి అనంతపురానికి 150 కిలోమీటర్లు అనుకుంటే, ఆ దూరాన్ని ఇదివరకు 3 గంటల్లో చేరిన బస్సు ఇప్పుడు రెండున్నర గంటల్లోనే చేరుతున్నది. దాని సగటు వేగం ఎంత శాతం పెరిగింది? 180 నిమిషాల్లో 30 నిమిషాలు మిగిలాయి కాబట్టి ఆరో వంతు, అంటే 16.67 శాతం అని గుర్తు పెట్టాను. జవాబుల పట్టికలో 20 శాతం అని ఉన్నది. కోచింగ్‌లో సారును అడిగితే సూత్రం బట్టీ పట్టమన్నారు. దూరం మారనప్పుడు, సమయం ఎంత శాతం తగ్గితే వేగం అంతే శాతం పెరగాలి కదా?

సమాధానం: కర్నూలు లెక్కల పంతులు

నాయనా, నీవు కట్టిన 16.67 సరైన అంకే గానీ, అది సమయం తగ్గిన శాతం. ప్రశ్న అడిగింది వేగాన్ని గురించి. పాత వేగం 150ని 3తో భాగిస్తే గంటకు 50 కిలోమీటర్లు, కొత్త వేగం 150ని రెండున్నరతో భాగిస్తే 60. పెరిగింది 10, దానిని పాత వేగమైన 50తో భాగించి 100తో హెచ్చిస్తే 20 శాతం. అదే బస్సు రేపు 60 నుంచి 50కి దిగితే, తగ్గినదీ 10 కిలోమీటర్లే అయినా 60తో భాగించాలి కనుక అప్పుడు 16.67 శాతం తగ్గినట్లవుతుంది.

రెండు శాతాలూ సమానమన్న నీ ఊహను కొంచెం ముందుకు లాగి చూడు. సమయం సగానికి, అంటే 50 శాతం తగ్గితే వేగం రెట్టింపు, అంటే 100 శాతం పెరుగుతుంది. సమయం నూటికి నూరు శాతం తగ్గిందనుకుంటే, కర్నూలు బస్టాండులో తలుపు వేసిన క్షణాన్నే అనంతపురంలో తలుపు తీయాలి. దానికి వేగం రెట్టింపయితే సరిపోతుందా? పరీక్ష హాలులో తొందరగా తేలాలంటే సమయాన్ని భాగాలుగా చూసుకో. మునుపు 6 భాగాల సమయం పట్టిన దారిని ఇప్పుడు 5 భాగాల్లో దాటుతున్నది, కాబట్టి వేగం ఐదింట ఒక వంతు పెరిగింది. సమయం నాలుగో వంతు తగ్గితే వేగం మూడో వంతు, ఐదో వంతు తగ్గితే నాలుగో వంతు పెరుగుతుంది.

సమాధానం: తాడిపత్రి బండల మిషను

పంతులుగారు చెప్పిన ఈ మాట తెలియక నేను ఒక బెల్టు పోగొట్టుకున్నాను. మాది బండలు కోసే చిన్న ఫ్యాక్టరీ. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు 4 అంగుళాల పుల్లీ (బెల్టు తగిలించే చక్రం), మిషనుకు 10 అంగుళాల పుల్లీ ఉండేవి. ఆ లెక్కన మిషను 576 చుట్లు తిరుగుతుంది. వేగం 25 శాతం పెంచుదామనుకొని, మిషను పుల్లీని 25 శాతం తగ్గిస్తే చాలునని ఏడున్నర అంగుళాలకు లేత్ మీద చేయించాను. మిషను 768 చుట్లకు ఎక్కింది, అంటే 33 శాతం పైచిలుకు. మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగింది, మధ్యాహ్నానికి బెల్టు జారి కాలిన వాసన పట్టింది. నాకు కావలసినది 720 చుట్లు. దానికి 8 అంగుళాల పుల్లీ, అంటే 20 శాతం తగ్గింపే సరిపోయేది. మోటారు వైపు పుల్లీని మార్చి ఉంటే 4 నుంచి 5 అంగుళాలకు, సరిగ్గా 25 శాతమే పెంచాల్సి వచ్చేది, ఎందుకంటే ఆ వైపున పుల్లీ పెరిగినంత వేగమూ పెరుగుతుంది. ఏ వైపు మారుస్తున్నామో చూడకుండా శాతం లెక్క కడితే ఇదే గతి.

ప్రశ్న: అనంతపురం అభ్యర్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. భాగాల పద్ధతి ఇప్పుడు బాగా పట్టుబడింది. ఒక్క సందేహం మిగిలింది సార్. ఆ బస్సు రెండుసార్లూ డోన్‌లో టీ కోసం 20 నిమిషాలు ఆగిందనుకుంటే, అప్పుడు కూడా 20 శాతమేనా?

సమాధానం: కర్నూలు లెక్కల పంతులు

మంచి ప్రశ్న. ఆగిన సమయాన్ని కలుపుకొని చూసే సగటు వేగం 20 శాతమే పెరిగింది. చక్రాలు తిరిగిన సమయం మాత్రం మునుపు 160 నిమిషాలు, ఇప్పుడు 130 నిమిషాలు. మిగిలిన 30 నిమిషాలూ పరుగులోనే మిగిలాయి కాబట్టి, 30ని 130తో భాగిస్తే పరుగు వేగం దాదాపు 23.08 శాతం పెరిగింది, గంటకు 56.25 కిలోమీటర్ల నుంచి 69.23కు చేరినట్లు. టీ తాగే సమయం మారకపోతే డ్రైవరు మీద భారం అంత ఎక్కువ పడుతుందన్నమాట. నీ పరీక్షలో మాత్రం సగటు వేగమని స్పష్టంగా అడిగారు, 20కే గుర్తు పెట్టు.