సమస్యాపూరణం: "కుక్క చక్ర మెక్కి కూడు వండె"

నిర్వాహకులు: ఈ పాదంతో ముగిసేలా పద్యం అల్లాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల మైత్రి) కు–కూ. ఇంగ్లండు పాత వంటిళ్ళలో ఊచకు గుచ్చిన మాంసాన్ని తిప్పే పనివాడు టర్న్‌స్పిట్. 16వ శతాబ్దికే ఆ పనీ, పేరూ కుక్కకూ వచ్చాయి: బోనులాంటి చక్రంలో అది పరుగెడితే తాడు లాగి ఊచ తిరిగేది. 1576లో అచ్చయిన కుక్కల పుస్తకంలో దాని ప్రస్తావన ఉంది. పూరణ ఆ వంటింట్లోనే సాగాలి.

ప్రసాద్:
గోడ మీది బోను గుండ్రమై తిరుగంగ
తాడు లాగ నూచ తాను తిరిగె
మంట పైన కండ మాడక కాలంగ
కుక్క చక్ర మెక్కి కూడు వండె

సుశీల: ప్రసాద్ గారూ, నడక హాయిగా ఉంది. మూడో పాదంలో ఛందస్సు సరే, వంటే చెడింది! మంటపైన పెడితే కొవ్వు నిప్పుల్లోకి కారి భగ్గుమంటుంది. పైన మసి, లోపల పచ్చి. ఊచ మంటకు ఎదురుగా ఉండేది, కింద కొవ్వు పట్టే పళ్లెం. "మంట యెదుట" అనండి, "యెదుట" నగణమే (మూడు లఘువులు) కనుక గణం చెడదు. బోను గోడమీద ఉండటం మాత్రం సరిగ్గా చెప్పారు. పొయ్యి పక్కనైతే వేడికి కుక్క సొమ్మసిల్లుతుంది. పెద్ద మాంసపు ముక్క కాలడానికి మూడు గంటలైనా పట్టేది మరి.

ప్రసాద్: "యెదుట" అని మార్చానమ్మా.

రాఘవ:
మంట వేడి తగిలి మాడెడు బాలుండు
కొలువు మాన వాని కొరత తీర్ప
ఆంగ్లసీమయందు వంటగది లోపల
కుక్క చక్ర మెక్కి కూడు వండె

సుశీల: కుర్రవాణ్ణి తేవడం బాగుంది, రాఘవ గారూ. మూడో పాదం నిలవదు. "వంటగది" గురువు, మూడు లఘువులు. ఆ చోట ఇంద్రగణం రావాలి, అలాంటి ఇంద్రగణం లేదు. "వంటగ" వరకు భగణంగా (గురువు, రెండు లఘువులు) విరిచినా మిగిలిన "దిలోపల" ఏ గణానికీ చెందదు. ఆ–వం యతీ కుదరదు. "ఆంగ్లసీమయందు నయ్యది మొదలుగా" అంటే భగణం, నగము (మూడు లఘువులు, గురువు), "నయ్యది"లోని అచ్చుతో ఆ–అ స్వరయతి.

విజయ: కుక్క చక్రం ఎక్కింది, వంటమనిషి వండింది అని విరవచ్చా?

నిర్వాహకులు: కుదరదు. "ఎక్కి" క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ), "వండె"కూ అదే కర్త కావాలి. కుక్కకు బదులు ఊచను తిప్పే, పొగగొట్టంలో వేడిగాలికి తిరిగే రెక్కల చక్రం మీద రాయబోయేవారికీ ఇదే చిక్కు: అక్కడ ఎక్కడానికి కుక్కే ఉండదు.