సర్వే ఇంటర్న్‌షిప్: ఫీల్డ్‌లో ప్రిజం పట్టుకోవాలా, ఆఫీసులో ప్లాన్లు గీయాలా?

మూడో_ఏడు_సివిల్:
అందరికీ నమస్తే. సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను, సెలవుల్లో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి చిన్న సర్వే టీమ్, రోజూ ఫీల్డే, కానీ మొదట్లో ప్రిజం పోల్ (మిషన్ గురిపెట్టే అద్దం బిగించిన కర్ర) పట్టుకోవడమే నీ పని అని ముందే చెప్పేశారు. రెండోది పెద్ద ఆఫీసు, ఫీల్డ్ నుంచి వచ్చిన పాయింట్లను ఆటోక్యాడ్‌లో వేసి కంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) తీయడం, ప్లాన్లు తయారు చేయడం. క్లాసులో ట్రావర్స్ (వరుస పాయింట్ల మధ్య దూరాలు, కోణాలు కొలుస్తూ పోవడం) లెక్కలన్నీ చేశాం గానీ టోటల్ స్టేషన్‌ని (దూరాలు, కోణాలు కొలిచే మిషన్) సొంతంగా ఒక పాయింట్ మీద నిలబెట్టమంటే ఇప్పటికీ తడబడతాను. "కర్ర పట్టుకోవడానికి ఇంజినీరింగ్ ఎందుకు, సాఫ్ట్‌వేర్ నేర్చుకో" అని మా సీనియర్లు అంటున్నారు. నాకు మనసంతా ఫీల్డ్ మీదే ఉంది, కానీ రెండు నెలలూ అలా నిలబడి వచ్చేస్తే ఏం మిగులుతుందని టెన్షన్. ఏది మంచిదో చెప్పండి.

పాత_ట్రావర్స్:
ఫీల్డ్‌కే వెళ్లు తమ్ముడూ. పోల్ పట్టుకోవడం చిన్న పని అన్నవాళ్లు దాన్ని సరిగ్గా పట్టుకున్న మనిషిని చూసి ఉండరు. రెండు మీటర్ల ఎత్తులో ప్రిజం పెట్టి పోల్ ఒక్క డిగ్రీ వాల్చావనుకో, పైన 35 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే కోణాన్ని 5 సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను) కచ్చితత్వంతో కొలిచే టోటల్ స్టేషన్‌కి వంద మీటర్ల దూరంలో కోణంలో వచ్చే తేడా రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే అంత ఖరీదైన మిషన్ ఇచ్చే కచ్చితత్వం నీ చేతిలోని పోల్ నిటారుగా ఉందో చూపే బుడగ మీద ఆధారపడి ఉంది.

ఇంకో సంగతి, పాయింట్ ఎక్కడ తీయాలో నిర్ణయించేది పోల్ పట్టుకున్నవాడే. మిషన్ దగ్గర ఉన్నవాడికి అంత దూరం నుంచి నేల వాలు ఎక్కడ మారుతోందో తెలియదు. కాలవ ఉంటే రెండు వైపులా గట్టు పైన, కింద అడుగున తీయాలి. గట్టు మీద ఒకటి, అవతలి గట్టు మీద ఒకటి తీసి వచ్చేస్తే సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ గీత కలిపి కాలవని పూడ్చేస్తుంది, కంటూర్లు చూడడానికి మాత్రం చక్కగానే ఉంటాయి. అందుకే ఒక్కో పాయింట్ దగ్గర "ఇది ఎందుకు తీస్తున్నాం" అని అడుగుతూ ఉండు, విసుక్కున్నా సరే.

సెటప్ నేర్చుకోవాలంటే పొద్దున్నే టీమ్ కంటే కాస్త ముందు వెళ్లి ట్రైపాడ్ నువ్వే వెయ్యి. కాళ్లు గట్టిగా దిగేలా తొక్కి, పాయింట్ మీదకి దాదాపుగా తెచ్చి, గుండ్రటి బుడగని కాళ్లు పొడిగిస్తూ కుదిస్తూ మధ్యకి తీసుకురావాలి, తర్వాత పొడుగు బుడగని ఫుట్ స్క్రూలతో. చివర్లో పాయింట్ మీద నుంచి కొంచెం పక్కకి పోయి ఉంటే కింది స్క్రూ వదులు చేసి మిషన్‌ని తిప్పకుండా జరపాలి, మళ్లీ బుడగ చూసుకోవాలి. చేతికి అలవాటు పడ్డాక ఐదు నిమిషాల పని.

కంటూర్_డెస్క్:
నేను ఆఫీసు వైపు మనిషిని, అయినా పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఆఫీసు అంటే గీతలు గీయడమే అనుకోకండి. ఫీల్డ్‌లో జరిగిన తప్పులు పట్టుబడేది ఇక్కడే. ఉదాహరణకి ప్రిజం కాన్‌స్టంట్, అంటే ప్రిజం రకాన్ని బట్టి కొలిచిన దూరానికి చేసే సవరణ. కొన్ని ప్రిజంలకి మైనస్ 30 మిల్లీమీటర్లు పెట్టాలి. మిషన్‌లో సున్నా ఉండిపోతే ప్రతి దూరమూ 30 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. భుజాలన్నీ సమానంగా ఉన్న లూప్ (మొదలైన చోటికే తిరిగొచ్చే ట్రావర్స్) అయితే క్లోజింగ్ ఎర్రర్‌లో (తిరిగొచ్చాక మిగిలే తేడా) కూడా ఇది బయటపడదు, లూప్ మొత్తం ఒకేలా పెద్దదైపోయి శుభ్రంగా మూసుకుంటుంది. ముందే కోఆర్డినేట్లు తెలిసిన రెండు పాయింట్ల మధ్య దూరం పోల్చి చూస్తేనే దొరుకుతుంది.

జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల) డేటా విషయంలో ఇంకా జాగ్రత్త. అది ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి, లెవెలింగ్‌తో వచ్చే ఎత్తు సముద్ర మట్టం లెక్కన. ఈ రెండింటికీ తేడా భూమ్మీద కొన్ని చోట్ల వంద మీటర్లు దాటుతుంది. అలాగే యూటీఎం గ్రిడ్‌లో (భూమిని జోన్లుగా చీల్చి చదునుగా చూపే మ్యాప్ పద్ధతి) జోన్ మధ్య రేఖ మీద స్కేల్ ఫ్యాక్టర్ 0.9996, అంటే నేల మీద కిలోమీటరు ప్లాన్ మీద 40 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఇవి తెలియకపోతే సైట్‌లో టేపు పెట్టినవాడికీ మీకూ గొడవే.

నా సలహా, ఫీల్డ్ టీమ్‌లో చేరండి, కానీ చేరేముందే ఒక మాట అడగండి: ఒక చిన్న జాబ్ డేటా మీకు ఇస్తారా, దాన్ని మీరు సాయంత్రాలు గీసి వాళ్లకి చూపిస్తే తప్పులు దిద్దుతారా అని. మీరు స్వయంగా పోల్ పట్టుకున్న నేలే స్క్రీన్ మీద కంటూర్లుగా వస్తుంటే ఎక్కడ పాయింట్ తక్కువైందో వెంటనే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కమాండ్లు తర్వాతైనా వస్తాయి.

ఆరెంజ్_వెస్ట్:
సేఫ్టీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. రోడ్డు పక్కన పని ఉంటే రిఫ్లెక్టివ్ జాకెట్, బూట్లు ఇస్తారా, ఇంటర్న్‌కి ఇన్సూరెన్స్ ఉందా అని మొహమాటపడకుండా అడుగు. అల్యూమినియం స్టాఫ్ (ఎత్తులు చదివే కొలత కర్ర) పూర్తిగా లాగితే ఐదు మీటర్ల దాకా లేస్తుంది, కరెంటు తీగల దగ్గర దాన్ని నిలబెట్టి నడవకూడదు. టెలిస్కోప్‌లోంచి సూర్యుడి వైపు పొరపాటున కూడా చూడకు, కన్ను పోతుంది. కొత్తవాళ్లకి ఇవి ఎవరో చెప్తారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చెప్పరు.

మూడో_ఏడు_సివిల్:
చాలా థ్యాంక్స్. ఫీల్డ్ టీమ్‌కే ఓకే చెప్తున్నాను, డేటా, ఇన్సూరెన్స్ సంగతి కూడా అడుగుతాను. ఒక్క డౌట్, అన్నీ మిషన్‌లోనే సేవ్ అవుతాయి కదా, ఇంకా ఫీల్డ్ బుక్ రాయాలా?

పాత_ట్రావర్స్:
రాయాలి. మిషన్ ఎత్తు, ప్రిజం ఎత్తు, ఏ పాయింట్ మీద నిలబడ్డావు, బ్యాక్‌సైట్ (దిశ కోసం గురిపెట్టే ముందే తెలిసిన పాయింట్) ఎక్కడ, ఇవి ప్రతి సెటప్‌కీ. పక్కన చేత్తో చిన్న స్కెచ్. మిషన్ ఎత్తుని 1.50కి బదులు 1.05 కొట్టేస్తే ఎత్తులన్నీ 45 సెంటీమీటర్లు కిందకి పోతాయి, పుస్తకంలో సరైనది ఉంటే ఆఫీసులో కూర్చునే సరిచేసుకోవచ్చు, లేకపోతే మళ్లీ సైట్‌కి వెళ్లాలి. తప్పు పడితే చెరపకు, ఒక్క అడ్డగీత కొట్టి పైన సరైనది రాయి, పాత అంకె కూడా చదవడానికి ఉండాలి.

ఆటో లెవెల్ (ఎత్తుల తేడాలు కొలిచే మిషన్) పని ఉన్న రోజు సైట్ వదిలేముందే బ్యాక్‌సైట్ల (ఇక్కడ ప్రతి సెటప్‌లో మొదటి రీడింగ్) మొత్తం లోంచి ఫోర్‌సైట్ల (చివరి రీడింగ్) మొత్తం తీసేసి చూడు, చివరి ఆర్‌ఎల్‌కీ (లెక్కించిన ఎత్తు) మొదటి ఆర్‌ఎల్‌కీ ఉన్న తేడా సరిగ్గా అంతే రావాలి. ఇది నీ కూడికలు తీసివేతలు సరిపోయాయో లేదో చెప్తుంది అంతే, స్టాఫ్ తప్పు చదివి ఉంటే చెప్పదు. దానికి మొదలుపెట్టిన బెంచ్‌మార్క్ (ముందే ఎత్తు తెలిసిన పాయింట్) దగ్గరికే తిరిగొచ్చి క్లోజ్ చెయ్యాలి. చీకటి పడుతోంది వెళ్లిపోదాం అని ఎవరన్నా ఈ ఒక్క రీడింగ్ మాత్రం వదలొద్దు.