సమస్యాపూరణం: చేయి తప్పిన చోటనే చేరె పాట

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ:

*చేయి తప్పిన చోటనే చేరె పాట*

చెయ్యి తప్పితే తాళం పోవాలి, పాట చేరడమేమిటో మీరే తేల్చండి. విషయం కచేరీ, అందులోనూ మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతం. ఆలాపన (తాళం లేకుండా రాగం విస్తరించడం), నెరవలు (ఒకే సాహిత్యపాదాన్ని రకరకాలుగా పాడడం), స్వరకల్పన (సరిగమలు అల్లడం), తని (మృదంగం ఒంటరి వాదన), ఏదైనా సరే. చెయ్యి అనగానే ఎన్నికల గుర్తును పట్టుకొచ్చే పూరణలు తీసేస్తాను, ముందే చెబుతున్నా.

చిక్కడపల్లి శ్రోత:

*సమము దాటిన పిదపనే సాగు పదము*
*అర నిమేషము శూన్యమై యాగె నడుమ*
*తెలిసి చూచిన దోషమ్ము దీన లేదు*
*చేయి తప్పిన చోటనే చేరె పాట*

అనాగత గ్రహం, అంటే సమం (తాళం మొదటి దెబ్బ) దాటాక పాట ఎత్తుకోవడం. దెబ్బ పడ్డచోట పాట లేదు, పాట మొదలైనచోట దెబ్బ లేదు.

అల్వాల్ అవధాని:
సమస్యను సరైన చోట పట్టుకున్నారు. మూడో పాదంలో "దీన లేదు" చక్కగా అమరింది. "అర నిమేషము" మాత్రం వదులుగా ఉంది. నిమేషమంటే రెప్పపాటు, అది గాయకుడి కాలప్రమాణంతో మారదు. ఎత్తుగడ (సమం నుంచి పాట మొదలయ్యేదాకా ఉండే జాగా) మారుతుంది. ఆదితాళం ఒక కళలో 8 అక్షరాలు (తాళపు లెక్కలు), అక్షరానికి 4 మాత్రలు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బా విసురూ రెండుసార్లు. అర అక్షరం దాటి ఎత్తుకుంటే పోయేది 2 మాత్రలు, దేశాది పద్ధతిలో ఒకటిన్నర దాటితే 6. విలంబంలో ఆ 2 మాత్రల్లోనే శ్రోత ఊపిరి పీల్చుకుంటాడు, ద్రుతంలో అవి ఉన్నట్టే తెలియదు. రెండింటికీ ఒకే రెప్పపాటు ఎలా సరిపోతుంది?

చిక్కడపల్లి శ్రోత:
"అర నిమేషము" తీసేస్తే యతికి మీరే ఏదైనా ఇవ్వాలి గురువుగారూ. "అరయ నక్షరా"లంటూ మొదలుపెడితే పాదమంతా కూలుతుంది.

మలక్‌పేట మృదంగం:

*లెక్క నొక్కటి తగ్గగా లీలగాను*
*వెంట నున్న మృదంగమ్ము విడక కాచె*
*వినెడివారికి తెలియదే విషయమేమొ*
*చేయి తప్పిన చోటనే చేరె పాట*

లెక్క చూపించి మరీ రాశాను. అర ఎత్తుగడ ఉన్న ఆదిలో సమం నుంచి స్వరకల్పన ముక్తాయి (మూడుసార్లు తిరిగి వచ్చే ముగింపు) కట్టాలంటే 32కు 2 కలిపి 34 మాత్రలు కావాలి. "తదిగిణతొం" రెండుసార్లు 10. ఆ పదిని మూడుసార్లు, మధ్యలో రెండేసి మాత్రల విరామం రెండుచోట్ల: 10, 2, 10, 2, 10. మొత్తం 34. గాయకుడు ఉత్సాహంలో ఒక విరామాన్ని ఒక్క మాత్రకే కోసేశాడనుకోండి, 33 అవుతుంది, పావు అక్షరం ముందే తేలిపోతాడు. అక్కడే పల్లవి అందుకుంటే ఎత్తుగడ జరిగి, తర్వాతి ఆవర్తమంతా ఒంకరే. మార్దంగికుడు ఏం చేస్తాడంటే, మొదటి పది విని, రెండో పదికి అంచనా కట్టి, మూడోదానికి కలిసి వాయిస్తాడు. అప్పటికే తేడా పసిగడతాడు కనుక చివరి "తొం"ను వెంటనే కొట్టడు, ఒక మాత్ర ఆపి కొడతాడు. గాయకుడు ఆ "తొం" కోసం చివరి స్వరాన్ని సాగదీస్తాడు. సభ చప్పట్లు కొడుతుంది.

సికింద్రాబాద్ సరదా:
అన్నా, రెండో పాదంల "నున్న" తర్వాత "మృ" వచ్చింది గద. "న్న" గురువు గాదా?

అల్వాల్ అవధాని:
కాదు నాయనా. వట్రుసుడి అచ్చు. "మ్ర" అయితే ఆలోచించాల్సిందే గాని "మృ" సంయుక్తం కాదు. పూరణలో గణదోషం లేదు. దోషం సమస్యతోనే ఉంది. తప్పింది లెక్క, చెయ్యి కాదు. పైగా "లీలగాను" పాదం నింపడానికే వచ్చింది, ఆ మాటకు పద్యంలో పని లేదు.

మలక్‌పేట మృదంగం:
"తొం" కొట్టాల్సిన చోట కొట్టకుండా ఆగింది చెయ్యే కదండీ! సమయానికి పడకపోతే చెయ్యి తప్పినట్టే. ఇంత వివరించాక కూడా చెయ్యెక్కడుందంటే నేనేం చెయ్యను?

వనస్థలి వీణ:
34 కూడి చూశాను, సరిగ్గా సరిపోయింది. మలక్‌పేట వారి లెక్క సరిపోయిందంటే ఈ వారం విశేషం అదే. ఐదు మాత్రల ఖండచాపు తాళాన్ని ఆయన పాత పూరణలో ఏడు మాత్రలది చేసిన సంగతి సభ్యులెవరూ ఇంకా మరచిపోలేదు.

మలక్‌పేట మృదంగం:
మళ్ళీ అదేనా! "ఏడు మాత్రల ఖండచాపెంతొ హొయలు" అన్న పాదంలో యతి చూడండి, గణాలు చూడండి. "ఐదు" అని రాస్తే ఐకారానికి ఎకారంతో మైత్రి ఎక్కడిది?

అల్వాల్ అవధాని:
మైత్రి లేదు, నిజమే. అయితే మార్చాల్సింది మొదటి మాట కాదు. "ఏడు మాత్రల మిశ్రచాపెంతొ హొయలు" అనండి. "ఖండచా" ఉన్నచోట "మిశ్రచా", రెండూ రగణాలే. యతి కదలదు, తాళమూ దారికొస్తుంది. ఖండచాపు 2+3, మిశ్రచాపు 3+4. మృదంగం పేరు పెట్టుకున్నవారికి ఇది నేను చెప్పాల్సి రావడమే చోద్యం.

చిక్కడపల్లి శ్రోత:
మిశ్రచాపు మాట వచ్చింది కనుక ఒక్క ముక్క. అందులో నెరవలు ఎలా ఉండాలో తెలియాలంటే త్యాగరాజస్వామి ఖరహరప్రియ రాగ కృతి "పక్కల నిలబడి"లో "మనసున దలచి" దగ్గర చెవి ఒగ్గాలి. రాగాన్ని ఎంత తిప్పినా, మంద్రంలో ఎత్తుకున్నా తారస్థాయిలో ఎత్తుకున్నా, "మనసున"లోని "మ" ఏడింటిలో ఏ మాత్ర మీద పడిందో ఆవర్తం ఆవర్తానికీ అక్కడే పడాలి. కొంతమంది రెండో కాలం మొదలవగానే సాహిత్యాన్ని ముద్దచేసి, "మనసునదలచిమై" అంటూ ఒకే విసురులో ఊడ్చేస్తారు. స్వరం వేగంగా పోతుందేమో గాని మాట విరిగిపోతుంది, అర్థం చెడుతుంది. దాన్ని నెరవలు అనను.

నిర్వాహకుడు:
సమస్యకు రండి.

బర్కత్‌పురా బాలుడు:
నమస్కారం పెద్దలకు. నా ప్రయత్నం:

*ముందు వరుసలో చప్పట్లు మ్రోగుచుండ*
*తొడను గొట్టెడి రసికుండు తోడుగాగ*
*గాయకుండు కన్ను మూయగా గమకమందు*
*చేయి తప్పిన చోటనే చేరె పాట*

అల్వాల్ అవధాని:
రెండో పాదం చదివి నవ్వాను. తొడగొట్టడం యుద్ధానికీ తాళానికీ రెంటికీ పనికొచ్చింది. మూడో పాదంలో కాలు జారింది. గాయ, కుండుకన్, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత "నుమూయ" జగణం! ఇంద్రగణం ఉండాల్సిన చోటు అది. "గాయకుండు"లో ఆ సున్న తీసేసి "గాయకుడు కన్ను మూయగా" అను. సలం, రగణం, పాదం నిలబడుతుంది. సున్న ఉంటే పద్యానికి గౌరవం వస్తుందని ఎవరు నేర్పారో గాని, ఈ మధ్య పూరణల్లో ప్రతి కర్తకూ ఒక "ండు" తగిలిస్తున్నారు.

బర్కత్‌పురా బాలుడు:
సరిచేశాను గురువుగారూ: *గాయకుడు కన్ను మూయగా గమకమందు*.

మలక్‌పేట మృదంగం:
"ండు" ఎవరు నేర్పారంటే, మన చిక్కడపల్లి వారి పోయిన నాలుగు పూరణలు తిరగేయండి.
బాలుడి భావానికి మాత్రం వంద మార్కులు. ముందు వరుసలో పైకి తాళం వేసేవారితో అసలు చిక్కు ఏమిటంటే, ఆలాపన అయిపోయి కృతి ఎత్తుకునే క్షణంలో గాయకుడి చెయ్యి చూడరు, పాట మొదటి మాట వినగానే దెబ్బ వేస్తారు. అనాగతం అయితే అర అక్షరం వెనకబడే మొదలవుతారు, కచేరీ అయ్యేదాకా అక్కడే ఉంటారు. తనిలో మార్దంగికుడు తిశ్రగతికి మారాడా, అక్షరానికి మూడు చొప్పున పడుతున్నవి విని వీరి వేళ్ళు కూడా పరుగెడతాయి. గతి మారినా తాళం వేగం మారదు. కళ్ళు తెరిచిన గాయకుడికి ఎదురుగా ఆ తొడ కనబడితే, తన తొడ మీద తను వేస్తున్న తాళమే తడబడుతుంది. అందుకే కన్ను మూయడం. పద్యంలో కారణం సరిగ్గా పట్టాడు.

సికింద్రాబాద్ సరదా:
ఇగ నాది. కొట్టకుండ్రి.

*గానసభలోన నొకరిదౌ ఘంట మ్రోగె*
*ఆపబోయెడి తొందర నదరె వేలు*
*స్పీకరే మోగె సినిమాది చిందులేసి*
*చేయి తప్పిన చోటనే చేరె పాట*

వనస్థలి వీణ:
అయ్యో! నవ్వాగడం లేదు. స్పీకరుకూ చిందుకూ యతి చెల్లుతుందా?

అల్వాల్ అవధాని:
"స్పీ"లో సకారం ఉంది, స–చ మైత్రి ఉంది, ఈ–ఇ చెల్లుతుంది. చెల్లదని చెప్పాలనే చదివాను గాని చెల్లింది.

నిర్వాహకుడు:
మనోధర్మం అన్నాను గాని ఫోనుధర్మం అనలేదు. అయినా ఉంచుతున్నాను.

వనస్థలి వీణ:

*వీణ మీటని యప్పుడే వేలు లాగ*
*తీగె సాగుచు గమకమ్ము తీపు లూరె*
*కుడిది విశ్రాంతి నొందగా కూర్చె నెడమ*
*చేయి తప్పిన చోటనే చేరె పాట*

కుడిచెయ్యి ఒక్కసారి మీటి తప్పుకుంటుంది. ఆ నాదం ఆరేలోపు ఎడమచేతి చూపుడు, నడిమి వేళ్ళు అదే మెట్టు మీద తీగెను పక్కకు లాగి పై స్వరాలు తెస్తాయి. 24 మెట్లున్నా, మెట్టు మారకుండా, మళ్ళీ మీటకుండా రెండు మూడు స్వరాలు వస్తాయి. వీణ ఆలాపనలో గాత్రం వినబడేది అక్కడే. ఈమని శంకరశాస్త్రి (1922–1987) గారి వాదనం, ఆయన శిష్యులు చిట్టిబాబు (1936–1996) గారి వాదనం పక్కపక్కన పెట్టి వినండి. మీటుకూ మీటుకూ మధ్య ఎవరెంత సంగీతం దాచారో చెవికి తెలుస్తుంది.

చిక్కడపల్లి శ్రోత:
ఇదీ పూరణ! మేమందరం తప్పును ఒప్పు చేసే దారి వెతుకుతుంటే, ఈమె అసలు తప్పే లేకుండా చేశారు. "తప్పిన" అంటే "తప్పుకున్న". మూడో పాదంలో "కూర్చె నెడమ" చదివి పైకి అనేశాను, భేష్ అని.

మలక్‌పేట మృదంగం:
పద్యం బాగుంది, కాదనను. కాని కుడిది విశ్రాంతి పొందిందంటే ఒప్పుకోను. నాలుగు వాయించే తీగెలకు అవతల పక్కన మూడు తాళపు తీగెలున్నాయి. వాటిని మీటేది కుడిచేతి చిటికెన వేలు కాదూ? ఖండచాపులో రెండు మాత్రలు ఎక్కువైతే నెలల తరబడి చెప్పుకుంటున్నారు. ఇక్కడ ఏకంగా ఒక వేలినే మింగేశారు.

వనస్థలి వీణ:
కృతిలో అయితే చిటికెన వేలు తాళం చూపుతుంది, తానంలో అయితే మరీ చురుగ్గా పడుతుంది. నా పద్యం ఆలాపనది, అక్కడ తాళమే లేదు. శ్రుతి కోసం అడపాదడపా ఒక తాకు తప్ప ఆ వేలికి పనిలేదు. గమకం సాగుతుండగా సరిగ్గా దాని నడుమ తాళపు తీగె మీటితే, ఆరిపోతున్న నాదం మీద ఆ చప్పుడు పడి చివరి స్వరం మునిగిపోతుంది. తెలిసినవారు స్వరం నిలిచాకే తాకుతారు. విశ్రాంతి అన్నది అందుకే.

మలక్‌పేట మృదంగం:
ఆలాపన అని పద్యంలో ఎక్కడుంది?

అల్వాల్ అవధాని:
లేదు. వివరణలో ఉంది. "గమకమ్ము" స్థానంలో ఇంద్రగణమే కావాలి గనుక ఆలాపన అక్కడ ఇమడదు. అది చిన్న లోటే. పద్యం మీద నాకున్న సందేహం వేరే. రెండో పాదంలో తీపు ఊరింది సరే, ఊరడానికి ముందు మీటు ఎంత బలంగా ఉండాలో అందులోనే ఉంది కీలకం. మీటు మెత్తగా పడితే లాగేలోపే నాదం సన్నగిల్లి, మూడో స్వరం రవీంద్రభారతి వంటి హాల్లో వెనక వరుసలకు చేరదు. అది పూడ్చాలని మైకు పెంచమంటే తీగె మీద వేలు రాసుకునే చప్పుడు కూడా పెరుగుతుంది. బలంగా మీటి అత్యుత్సాహంతో లాగితే స్వరం శ్రుతి మించి పైకి పోతుంది, పది నిమిషాలయ్యేసరికి తీగె సాగి షడ్జమం దిగుతుంది, బిరడ తిప్పుకోవాలి. "వేలు లాగ" అన్న రెండు మాటల వెనక ఇంత ఉంది కనుక "తీపు లూరె" అని తేల్చేయకుండా ఆ ఒడుపు పేరు ఒకటి పడి ఉంటే బాగుండేది.

వనస్థలి వీణ:
*తీగె సాగుచు గమకమ్ము తీర్చె నొడుపు* అంటే?

అల్వాల్ అవధాని:
గణాలు కుదిరాయి, యతి కుదిరింది. ఎవరు ఎవరిని తీర్చారో తెలియడం లేదు. పాతదే ఉంచండమ్మా.

నిర్వాహకుడు:
ఈ వారం వనస్థలి వీణ గారిదే. రెండోది బాలుడి సవరించిన పద్యం. మలక్‌పేట వారి 34 లెక్కను పద్యం కంటే ఎక్కువమంది మెచ్చుకున్నారు, దానికి బహుమతి లేదు.

వచ్చేవారం సమస్య:

*రాగమే లేని కీర్తన రక్తి కట్టె*

సికింద్రాబాద్ సరదా:
మృదంగమోల్లకు పండుగే గద ఇగ.

మలక్‌పేట మృదంగం:
తని ఆవర్తనం కీర్తన ఎలా అవుతుందయ్యా? "కీర్తన" అన్న మాటను ముందు దాటాలి. నిర్వాహకా, "కీర్తి"కి అర్థం చెప్పుకుని "కీర్తన" పొగడ్త అంటే ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు:
సందర్భం కచేరీయే అయితే ఒప్పుకుంటాను.